ఏటి మీద కాలవ

చిన్నప్పుడు పి. గన్నవరం దగ్గర వైనతేయ దాటేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టేవాణ్ని. కింద ఏరు, ఏటి మీద కాలవ. నీళ్ల మీద నీళ్లు ఎందుకు పోతున్నాయని అడిగితే మా తాతయ్య ఒక్క మాటే చెప్పాడు. "పల్లంలోకి దిగిన నీరు మళ్లీ మెరక ఎక్కదురా!"

రెండు వేల ఏళ్ల కిందటి రోమన్లనూ నడిపించింది ఈ సూత్రమే. ఇప్పటి ఫ్రాన్సులోని నీమ్ పట్టణానికి వాళ్లు తెచ్చిన కాలవ పొడవు 50 కిలోమీటర్లు, మొత్తం మీద దిగే వాలు 13 మీటర్లు కూడా లేదు. ఆ కాస్త వాలూ చెడకుండా గార్డన్ నది మీద మూడంతస్తుల కమానులు లేపారు. మనకొచ్చిన చిక్కూ అదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కానీ వైనతేయకు అవతలనున్న రాజోలు సీమకు నీరెలా చేరాలి? కాటన్ దొర కింద పనిచేసిన హేగ్ అనే ఇంజనీరు 40 అడుగుల కమానులు 49 కట్టించి, కాలవను ఏటి మీదుగా నడిపించాడు. 2000లో పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టిన ఆ తల్లిది లంకల గన్నవరమే. ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

ఆ కాలవ నీరు వరికే అనుకుంటే పొరపాటు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలవకు నీళ్లు కట్టేసేలోపు చెరువులు నింపుకుంటేనే వేసవికి మంచినీళ్లు. అలాంటి కాలవలోకి కోళ్ల వ్యర్థాలు, ప్లాస్టిక్ సంచులు విసురుతున్నాం. ఇళ్ల మురుగు గొట్టాలు తిప్పుతున్నాం. గట్లు ఆక్రమిస్తున్నాం. నాకిది భరించరానిదిగా ఉంది.

క్రీ.శ. 97లో రోము నీటి వ్యవహారాలు చూసిన ఫ్రాంటినస్ తన పుస్తకంలో అప్పటి చట్టాలు రాసిపెట్టాడు. ఊరి నీటిని కావాలని పాడుచేస్తే 10,000 సెస్టెర్సుల జరిమానా. కమానులకు రెండు వైపులా 15 అడుగుల మేర చెట్టూ ఉండకూడదు, కట్టడమూ ఉండకూడదు. మన పంచాయతీలు, ఇరిగేషన్ శాఖ కలిసి కనీసం ఈ రెండూ పట్టుదలగా అమలు చేయాలి. మొదలుపెట్టడానికి వేసవికి మించిన అదను లేదు. కాలవ కట్టేశాక నీరు తగ్గి, గట్ల పొడవునా గొట్టాల మూతులన్నీ బయటపడతాయి. ఏది ఏ ఇంటిదో, ఏ దుకాణానిదో నడుచుకుంటూ వెళ్లి రాసుకోవచ్చు.