పూటకూళ్ళ యింటి పత్రము లెవరి పేర?

బోధను నుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము మా యెదుట నున్నది. ఆమెయు భర్తయు గలసి బజారులో నొక చిన్న భోజనశాల నడపుచుండిరి. వేకువన లేచి పిండి రుబ్బుట, జొన్నరొట్టెలు కాల్చుట, కూరలు వండుట యామె పని. గల్లాపెట్టె యొద్ద కూర్చుండుట యాయన పని. పత్రములన్నియు నాయన పేరనే యుండెను. ఆయన హఠాత్తుగా గతించెను. మాసికము కాకమునుపే లైసెన్సు చెల్లదని యొకరు, జరిమానా పడునని మరియొకరు బెదరింపగా ఆమె తాళము వేసికొని యింట కూర్చున్నది. మరల తెరచుటకు దారి యేమని యడుగుచున్నది.

అమ్మా, తాళము వేయవలసిన పని లేకుండెను. ఆహార భద్రతా చట్టము 2006 నాటిది. దాని క్రింద 2011లో వెలువడిన నిబంధనలలో, లైసెన్సుదారు మరణించినచో ఆ పత్రము వారసులకును కుటుంబములోని వారికిని 90 దినముల వరకు చెల్లునని స్పష్టముగా నున్నది. అధికారి యా గడువును పొడిగింపనువచ్చును. ఆలోపల మరణ ధ్రువపత్రముతో పేరు మార్పునకు దరఖాస్తు చేసికొనవలెను. గడువు దాటినచో క్రొత్తగా మీ పేరనే పెట్టుకొనుడు.

పూర్వము పూటకూళ్ళమ్మను పత్రమెవ్వరడిగిరి? చేతి రుచియే యామె లైసెన్సు. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వలన బోధను పెరిగినది. శక్కర్‌నగరు కార్మికులకును, చెరకు బండ్లవారికిని వండిపెట్టి బ్రతికిన యిండ్లు కలవు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినపుడు ఆ రాబడియు తగ్గెను. నిజామాబాదులో పసుపు మార్కెట్టునకు వచ్చు రైతులకు నేటికిని పూటకూళ్ళే దిక్కు. అయితే నేడు పొయ్యి వెలిగించుటకు ముందే కాగితము కావలెను.

ఆ కాగితములు మనమనుకొనునంత భయంకరములు కావు. 2011 నిబంధనలలో ఏటికి 12 లక్షల రూపాయలు మించని వ్యాపారమునకు లైసెన్సు గాక నమోదు చాలునని యుండెను. రుసుము సంవత్సరమునకు 100 రూపాయలు. 12 లక్షలనగా దినమునకు సుమారు 3,300 రూపాయల గల్లా. ఇట్టి హద్దులు సవరింపబడుచుండును గనుక దరఖాస్తు నాడే అడిగి తెలిసికొనుడు. వచ్చిన పదునాలుగంకెల సంఖ్యను గోడపై కనబడునట్లు తగిలింపవలెను. వండువారికి ఏటేట వైద్యపరీక్ష జరుగవలెను, నీరు త్రాగుటకు యోగ్యమైనదై యుండవలెను. ఇవి పత్రము కొరకు గాక తినువారి కొరకే యని మా యభిప్రాయము.

ట్రేడు లైసెన్సును నిజామాబాదులో నగరపాలక సంస్థయు, బోధనులో పురపాలక సంఘమును ఇచ్చును. 1988 నాటి దుకాణముల చట్టము క్రింద కార్మికశాఖలోనొక నమోదు కలదు. గల్లా ఏటికి 20 లక్షలు దాటినచో జీఎస్టీ సంగతి చూచుకొనవలెను. ఇంటి వంట కిచ్చు 14.2 కిలోల గ్యాసుబండను కొట్టులో వాడరాదు. 19 కిలోల వాణిజ్యపు బండ కొనవలెను. దీనిని చాలమంది తేలికగా తీసికొందురు, అది పొరపాటు.

ఇక మా మనసులోని మాట. వండునది స్త్రీ, సంతకము పురుషునిది: ఈ యాచారమును మేము చాల యిండ్లలో చూచితిమి. ఆయన జీవించియుండగా నెవరికిని తోచదు. బాడుగ ఒప్పందము, బ్యాంకు ఖాతా సైతము ఆయన పేరనే యున్నచో లైసెన్సు ఒక్కటి మార్చినను పని తెమలదు. మరియొక చిన్న సంగతి. దరఖాస్తును కంప్యూటరులో నింపునప్పుడు కొందరు మధ్యవర్తులు తమ ఫోను నంబరే వ్రాసెదరు. సంకేత సంఖ్యలు, గడువు ముగియునను హెచ్చరికలు వారికే పోవును. రెండేండ్ల తరువాత వారెక్కడ నుందురో! చదువు రాదని సంకోచింపక, "నా నంబరే వ్రాయుము" అని నిలబడి చూచుకొనవలెను.

బోధను సోదరికి మేము వేరుగా జాబు వ్రాసితిమి. మరణ ధ్రువపత్రము, ఆధారు, బాడుగ కాగితము తీసికొని ముందుగా ఇంటి యజమానిని కలిసికొమ్మని చెప్పితిమి. మరల తెరచిన దినమున గుమ్మముపై పలకమీద నెవరి పేరు వ్రాయించెనో మాకు తెలియజేయ గోరుచున్నాము.