మడతచాకు: కొనే ముందు కీలు చూడండి

వేసవి సెలవులు సమీపించే తరుణంలో మన టౌన్‌షిప్‌లలోని అనేక కుటుంబాలు ఎల్.టి.సి. ప్రయాణాలకు సన్నాహాలు ప్రారంభిస్తాయి. యువతీయువకులలో కొందరు హిమాలయాలలోని ట్రెక్కింగ్ శిబిరాలకు వెళితే, మరికొందరు అరకు లోయలోనో, వికారాబాదు వద్ద అనంతగిరి కొండలలోనో గుడారాలు వేసుకుని ఒకటి రెండు రాత్రులు గడిపి వస్తారు. అటువంటి ప్రయాణాల సామానులో మడతచాకుకు తప్పనిసరిగా చోటు ఉంటుంది. పండు కోయడానికి, తాడు తెంపడానికి, పొట్లం విప్పడానికి అంతకు మించిన సాధనం లేదు.

అయితే ఈ చాకును ఎన్నుకోవడంలో మనం సాధారణంగా పిడి రంగును, అలుగు పొడవును, తెరిచినప్పుడు వచ్చే చప్పుడును చూస్తాము. నిజానికి మొట్టమొదట పరిశీలించవలసినది కీలు.

మంచి వంటింటి కత్తిలో అలుగు తోక పిడి లోపలికంటా సాగి ఉంటుంది. మడతచాకులో ఆ కొనసాగింపు సరిగ్గా బలం కావలసిన చోటనే తెగిపోతుంది. అక్కడ ఒక చిన్న రివెట్టు, ఒక స్ప్రింగు లేదా తాళం ఆ లోటును పూరించాలి. అలుగు వెన్నుపై, కీలుకు 70 మిల్లీమీటర్ల దూరంలో, 5 కిలోల బలం పడిందనుకుందాం. అలుగును ఆపి ఉంచే మెట్టు కీలు కేంద్రానికి 7 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నట్లయితే, బలభ్రామక సూత్రం ప్రకారం ఆ మెట్టుపై పడే బలం 50 కిలోలు. అలుగు 100 మిల్లీమీటర్లయి, అదే బలం దాని చివర పడితే ఆ భారం 71 కిలోలు దాటుతుంది. ఆ మెట్టు జారితే అలుగు మూసుకునేది మన వేళ్ళ మీదనే. పొడవైన చాకు ఎక్కువ బలమైనదన్న అభిప్రాయం ఎంత పొరపాటో ఈ చిన్న లెక్క తెలుపుతున్నది. నిత్యావసరాలకు 6 నుంచి 8 సెంటీమీటర్ల అలుగు చాలును.

కీలును నిలిపే ఏర్పాట్లలో నాలుగు రకాలు ప్రధానమైనవి. మొదటిది తాళం లేనిది. వెన్ను వెంట ఉన్న స్ప్రింగు ఒత్తిడి మాత్రమే అలుగును నిలుపుతుంది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన ఆఫీసర్ల చాకు ఈ కోవలోనిదే. నేటికీ దాని వారసులలో చిన్న పరిమాణపు చాకులు చాలావరకు ఇదే పద్ధతిలో ఉన్నాయి. పండ్లకు, పొట్లాలకు ఇది సరిపోతుంది. మొనతో పొడిచే పనికి మాత్రం దీనిని వాడరాదు.

రెండవది తిరుగుడు కట్టు. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో ఆవిర్భవించిన ఒపినెల్ చాకుకు 1955లో ఈ ఉక్కు కట్టును జోడించారు. అలుగు తెరిచి కట్టును పక్కకు తిప్పితే మడత పడదు. నిర్మాణం అతి సరళం. పిడి కొయ్యది కనుక తడిస్తే ఉబ్బి అలుగు బిగుసుకుంటుంది. వర్షాకాలపు ప్రయాణాలకు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవది వెన్నుతాళం. అలుగు తోకలోని గాడిలో ఒక మీట పన్ను కూర్చుంటుంది. పిడి వెన్ను నొక్కితే విడుతుంది. నాలుగవది పిడి లోపలి లోహపు రేకు పక్కకు వంగి అలుగు తోక వెనుక అడ్డుపడే రకం. దీనిని మూసేటప్పుడు బొటనవేలు అలుగు దారిలోకి వస్తుంది కనుక కొత్తవారికి వెన్నుతాళమే మేలు. గుడారాల ప్రయాణాలకు తాళం ఉన్న చాకునే తీసుకోండి. కాని తాళం ప్రమాద నివారణకు ఉద్దేశించినదే గాని, అలుగు వెన్నుపై బలం ప్రయోగించడానికి ఇచ్చిన అనుమతి కాదు.

ఇక ఉక్కు సంగతి. మన భోజనపు పళ్ళాలు తయారయ్యే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల ఉక్కు తుప్పు పట్టదు గాని, వేడిచేసి చల్లార్చినా గట్టిపడదు. కనుక అది చాకుకు పనికిరాదు. చాకుకు తగినంత కర్బనం ఉండి, గట్టిపడే స్టెయిన్‌లెస్ ఉక్కు కావాలి. రాక్‌వెల్ సి కొలమానంలో 55 నుంచి 58 వరకు కాఠిన్యం ఉన్న అలుగు పదును నిలుపుకొంటుంది, సామాన్యమైన సానరాయి మీద ఇంటిలోనే పదునెక్కుతుంది. క్రోమియం లేని కర్బనపు ఉక్కుకు పదును తేలికగా వస్తుంది. కాని మామిడికాయ, నిమ్మకాయ కోస్తే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగిన గృహిణులకు ఈ నలుపు కొత్త కాదు.

దుకాణంలో చేయదగిన పరీక్షలు నాలుగు. అలుగును పూర్తిగా తెరిచి పక్కలకు కదిపి చూడండి. ఆట ఉండరాదు. మూసినప్పుడు అలుగు గాడికి నడుమగా, రేకులకు తగలకుండా ఉండాలి. పదిసార్లు తెరిచి మూసినా బిగువు ఒకే తీరుగా ఉండాలి. చివరగా, తాళం ఉన్న చాకు అయితే వేళ్ళను గాడికి దూరంగా ఉంచి, అలుగు వెన్నును బల్ల అంచుకు మెల్లగా నొక్కండి. తాళం ఏమాత్రం జారినా ఆ చాకును అక్కడే వదిలివేయండి.

చట్టం విషయం కూడా తెలుసుకొనుట అవసరం. మన దేశంలో మడతచాకు అనగానే పలువురికి చలనచిత్రాలలోని రాంపురీ చాకు గుర్తుకు వస్తుంది. ఆ రాంపూర్ పట్టణంలోనే 2023లో 6 మీటర్లకు పైగా పొడవున్న చాకు నమూనాను కూడలిలో నిలిపారు. 2016 నాటి ఆయుధ నియమావళి 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను ఆయుధాల కోవలో చేర్చింది. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉన్నది. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన మరింత కఠినమైనది. 7.62 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవు, 1.72 సెంటీమీటర్లు, అంతకు మించిన వెడల్పు గల అలుగుతో, మీట నొక్కితే తెరుచుకునే చాకులు దాని పరిధిలోకి వస్తాయి. కనుక మీట చాకు జోలికి పోవద్దు. విమానంలో చాకును చేతిసంచిలో కాక, అప్పగించే సామానులోనే ఉంచాలి. కర్మాగారం గేటు వద్ద భద్రతా సిబ్బంది నిబంధనే శిరోధార్యం.

పిల్లలకు చాకు ఇచ్చే ముందు కోయడం కంటే మూయడం నేర్పండి. ఒకరికి అందించేటప్పుడు మడిచి ఇవ్వాలి. అలుగు దేహానికి అవతలి దిశగా కదలాలి. నడిచేటప్పుడు చాకు తెరిచి ఉండరాదు. ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక కీలులోని మట్టిని కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి తుడవండి. పెద్ద యంత్రాల బేరింగులకు మనం చూపే శ్రద్ధలో వందవ వంతు ఈ చిన్న కీలుకు చూపితే, అది మీ పిల్లల చేతికి కూడా భద్రంగా అందుతుంది.

పదును తగ్గిన అలుగు కూడా ప్రమాదకరమే. దానికి మనం అదనపు బలం వాడతాము, ఆ బలం కీలు మీదనే పడుతుంది. అందుచేత సానరాయి ఎంపికను గురించి, సాన పట్టే కోణాన్ని గురించి వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.