రెండు వందల రూపాయల నిపుణులు

పనిస్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టము క్రింది నియమావళిలో, మన కార్యకర్తలు ఒక్క మూడవ నియమమునైనా చదువవలెనని మా కోరిక. ఫిర్యాదులు విచారించు అంతర్గత కమిటీలో స్వచ్ఛంద సంస్థ నుండి వచ్చు బయటి సభ్యురాలికి రోజు భత్యము రెండు వందల రూపాయలు. ప్రయాణమునకు త్రీ టైర్ ఏసీ రైలు చార్జీ గాని, ఏసీ బస్సు చార్జీ గాని, ఆటో లేక టాక్సీ ఖర్చు గాని. అసలు ఖర్చు అంతకు తక్కువైనచో అదే. మన అలవెన్సు బిల్లులు ఎరిగిన సోదర సోదరీమణులకు ఇందులోని హాస్యము వివరించనక్కరలేదు.

నవ్వి ఊరుకొనుటకు వీలులేని విషయమిది. సిబ్బందికి క్రమము తప్పక అవగాహన సదస్సులు, కమిటీ సభ్యులకు శిక్షణ జరుపుట యజమాని విధి అని ఆ చట్టము 19వ సెక్షను చెప్పుచున్నది. ఆ శిక్షణ ఇచ్చువారికి ఏ అర్హత ఉండవలెనో మాత్రము చెప్పలేదు. అందుచేత స్టేషనరీ కొనినట్లే కొటేషన్లు పిలిచి, తక్కువ ధర వేసినవారిని రప్పించు ఆచారము పాతుకొనిపోవుచున్నది.

అటువంటి సదస్సు ఒకదానికి మేము హాజరైతిమి. వక్త రెండు గంటలసేపు ఆంగ్లములో తెరపై బొమ్మలు చూపెను. వెనుక వరుసలలో ట్రాక్ పనికి వచ్చిన స్త్రీలు, కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాండ్రు కూర్చుండిరి. చట్టము వారికి కూడ వర్తించునన్న ఒక్క మాట వారి చెవిన పడలేదు. తప్పుడు ఫిర్యాదుల గూర్చి మాత్రము అరగంట ప్రసంగము! చివర ఒక సోదరి ఏదో అడుగుటకు లేచునప్పటికి వక్తగారికి బండి వేళయైనది. హాజరు పట్టీపై సంతకములు పూర్తియైనవి గనుక కార్యాలయము దృష్టిలో శిక్షణయు పూర్తియైనది.

శిక్షణ లేని కమిటీ వలన ఏమగునో గోవా విశ్వవిద్యాలయపు కేసు చూపినది. 2009లో అక్కడి కమిటీ తొందరపాటుతో విచారణ ముగించినది. నిందితునికి తన వాదన వినిపించుకొను సరియైన అవకాశము లభించలేదని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తొలగింపు ఉత్తర్వును రద్దుచేసి, కేసును తిరిగి ఆ కమిటీకే పంపినది. పదునాలుగేండ్లు! ఫిర్యాదు చేసిన యువతులకు గాని, ఆ ఉద్యోగికి గాని అన్నేండ్లు న్యాయము తేలలేదు. మన శాఖలలో ఈ ప్రమాదము మరింత దగ్గర; ఏలనన ఇటువంటి కేసులలో కమిటీయే క్రమశిక్షణా నియమముల ప్రకారము విచారణాధికారి స్థానములో ఉండును. ప్రైవేటు కంపెనీలకు అలవాటైన ఉపన్యాసకునికి ఈ సంగతి తెలియకపోయినచో, ఆయన చెప్పిన పాఠము ఛార్జిషీటు దశలోనే వీగిపోవును.

కనుక వక్తను పిలుచుటకు ముందే ప్రశ్నించవలెను. ఎన్ని విచారణలలో కూర్చుండిరి? మన సర్వీసు నియమములు చదివిరా? తెలుగులో చెప్పగలరా? రన్నింగ్ రూము, రాత్రివేళ లెవెల్ క్రాసింగు, ఒంటరిగా నడుపు బ్రాంచి పోస్టాఫీసు ఎట్లుండునో ఎరుగుదురా? అన్నిటికంటె ముఖ్యము, సభ ముగిసిన పిమ్మట ఒక స్త్రీ దగ్గరకు వచ్చి తన గోడు చెప్పుకొనిన ఏమి చేయుదురు? ఈ చివరి ప్రశ్నకు తడుముకొనువారిని పిలువరాదు. ఢిల్లీలోని జాగోరి, ముంబాయిలోని మజ్లిస్ వంటి సంస్థలలో బాధితుల వెంట నడచినవారు ఉన్నారు. జిల్లా కోర్టులలో ఇట్టి కేసులు వాదించిన న్యాయవాదులను, విశ్వవిద్యాలయముల మహిళా అధ్యయన కేంద్రములను కూడ సంప్రదించవచ్చును.

మన ఇంటి మాట కూడ దాచుకొనరాదు. ఛార్జిషీటు అందుకొనిన ఉద్యోగికి మన నాయకులు డిఫెన్సు సహాయకులుగా నిలబడుదురు; అది అతని హక్కు, మన ధర్మము. కాని ఫిర్యాదు చేసిన సోదరి కూడ చందా చెల్లించు సభ్యురాలే గదా! ఆమె వద్దకు యూనియన్ నుండి ఎవరు వెళ్లిరి? డిఫెన్సు సహాయకులుగా వెళ్లువారు సదస్సులో మొదటి వరుసన కూర్చుండవలెనని మేమందుము.

వక్త ఎంపికలో సిబ్బంది పక్షమునకు, ముఖ్యముగా మహిళా సభ్యులకు పాత్ర ఉండవలెనని ప్రతి బ్రాంచి తీర్మానించి పరిపాలనకు పంపవలెను. పరిపాలన ఒప్పుకొనువరకు ఏడాదికి ఒక్క సదస్సునైనా బ్రాంచి నిధి నుండి జరుపవచ్చును. వక్తకు రెండు వందలకు మించియే ఇత్తము.