దిగి చూడనివారి తీర్పు

"చల్లని సముద్రంలో దిగి చూడటానికి ఏముంటుందండీ, బురదా చీకటీ తప్ప!"

సముద్రజీవుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన చదువరుల నోట వినవచ్చే మాట ఇది. వారి దృష్టిలో నీటి అడుగున అందమంటే అండమాన్ దీవులో, మాల్దీవులో. గాజువంటి నీలిజలం, రంగురంగుల పగడాలు, పైన వెచ్చని ఎండ. స్కాట్లాండు తీరాన గాలి సిలిండరు వీపున కట్టుకొని చన్నీట మునిగేవాడు వారికి డబ్బు ఎక్కువై మతి తక్కువైనవాడు. ఈ తీర్పును నేను ఖండిస్తున్నాను. రసికత మాట అటుంచి, కనీసం తర్కానికైనా ఇది నిలవదు.

మొదట నీటి సంగతే చూద్దాం. ఉష్ణమండల సముద్రం అంత తేటగా ఉండటానికి కారణం దాని లేమి. పైనున్న వెచ్చని పొర కిందనున్న చల్లని పొరతో సులభంగా కలవదు. అడుగున ఉన్న పోషకాలు పైకి రావు. అందుచేత నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు తక్కువ. తేటనీరంటే ఆకలినీరు. ఉత్తర సముద్రంలోనో, శీతకాలపు గాలులు నీటిని కవ్వంతో చిలికినట్లు చిలుకుతాయి. వసంతంలో పొద్దు పెరిగేసరికి ఆ పోషకాలను ఆరగించి సూక్ష్మవృక్షాలు కోటానుకోట్లుగా పుట్టి నీటికి పచ్చదనం తెస్తాయి. మనవారు మురికి అనుకొనేది నిజానికి అన్నం. పైగా చల్లని నీరు వెచ్చని నీటికంటే ఎక్కువ ఆక్సిజన్‌ను ఇముడ్చుకుంటుంది. అన్నమూ ఊపిరీ రెండూ పుష్కలంగా ఉన్నచోట ప్రాణి లేదనడం ఏపాటి న్యాయం?

స్కాట్లాండు ఆగ్నేయ తీరాన సెంట్ ఆబ్స్ అనే చిన్న రేవు ఉంది. అక్కడి నీరు శీతకాలంలో 6 డిగ్రీల దాకా దిగుతుంది. వేసవి చివరన కూడా సుమారు 13, 14 డిగ్రీలే. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది గనుక, దిగేవారు చాలామంది లోపలికి నీరు చొరని డ్రైసూటు తొడుక్కుంటారు. పైభాగాన రాళ్ళమీద కెల్ప్ అనే గోధుమరంగు నాచు అడవిలా పెరిగి ఉంటుంది. వెలుతురు చాలక ఆ అడవి ఆగిపోయినచోట మొదలయ్యే రాతిగోడలమీద జానెడు జాగా ఖాళీగా ఉండదు. అన్ని రంగులకంటే ముందు ఎరుపును నీరు మింగేస్తుంది కాబట్టి మొదట అంతా బూడిదవర్ణంగానే తోస్తుంది. చేతిలోని టార్చి వెలిగించగానే నారింజా, తెలుపూ, ఎరుపూ ఒక్కసారిగా బయటపడతాయి. బొరియలో తోడేలు చేప కాపురం ఉంటుంది. ముఖం భయంకరం, స్వభావం నెమ్మది. పీతలనూ, ముళ్ళ అర్చిన్లనూ డిప్పలతో సహా నమిలే దాని పళ్ళు ఏటా రాలి కొత్తవి వస్తాయి. గుడ్లకు కాపలా కాసేది మగచేప.

ఆ గోడలను ఎక్కువగా ఆక్రమించేది ఒక మెత్తని పగడం. అవును, పగడమే, చన్నీట పగడం ఉండదన్నది కూడా పుకారే. ఇంగ్లీషువారు దానికి "చచ్చినవాడి వేళ్ళు" అని పేరు పెట్టారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముద్దను చూసి పెట్టిన పేరై ఉండాలి. నీటి అడుగున చూసినవాడికి ఆ వేళ్ళనిండా ఎనిమిదేసి రేకులతో విచ్చుకున్న తెల్లని పువ్వులవంటి నోళ్ళు కనిపిస్తాయి. వేసవి నడిమి నుంచి కొన్ని నెలలు అది ముడుచుకొని, పైన నాచు పట్టి, నిజంగా చచ్చినట్లే పడి ఉంటుంది. శీతకాలం రాగానే ఆ పైపొరను కుబుసంలా విడిచి మళ్ళీ విచ్చుకుంటుంది. బతికున్నదానికి చచ్చినదని పేరుపెట్టిన ఆ గట్టుమీది చూపే మన విమర్శకుల చూపు కూడా.

"సరే, ఉన్నాయే అనుకుందాం. కలవారు దిగి చూసి వినోదిస్తే లోకానికి ఒరిగేదేమిటి?" అన్నది రెండవ ఆక్షేపణ. దీనికి జవాబు ఇంగ్లండు దక్షిణతీరాన లైమ్ అఖాతంలో ఉంది. అక్కడి రాతిదిబ్బలమీద గులాబీరంగు సముద్రపు విసనకర్ర అనే పగడజాతి జీవి పెరుగుతుంది; ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. అంటే జానెడు విసనకర్ర వయసు ఇరవై ఏళ్ళు. స్కాలప్ అనే ఆల్చిప్పల కోసం పడవలు ఇనుప పళ్ళున్న బరువైన చట్రాలను అడుగున ఈడ్చుకుపోతే, ఆ ఇరవై ఏళ్ళు ఒక్క క్షణంలో పోతాయి. పైనున్న అల మాత్రం ఏమీ ఎరగనట్లే ఉంటుంది. అడుగున జరిగిన నష్టం కళ్ళారా చూసినవారు డైవర్లు. సీసెర్చ్ అనే పథకం కింద స్వచ్ఛందంగా దిగి, పలకమీద పెన్సిలుతో లోతూ, తేదీ, కనిపించిన జీవీ రాసుకొని వచ్చేవారు అందులో ఉన్నారు. ఆ రాతలు కూడా రక్షణ కోరేవారి వాదానికి బలమయ్యాయి. 2008లో 206 చదరపు కిలోమీటర్ల మేర అడుగును గీకే పద్ధతులను ప్రభుత్వం నిషేధించింది. ఇందులో వింత గమనించండి: ఆ విసనకర్ర అంతకుముందే చట్టం రక్షించే జీవుల జాబితాలో ఉంది. జీవికి రక్షణ ఉంది, అది కాపురమున్న రాతికి లేదు! తర్వాత ప్లిమత్ విశ్వవిద్యాలయంవారు కెమెరాలు దింపి ఏటేటా పరిశీలిస్తే, పోయిందనుకున్న జీవం తిరిగి పుంజుకోవడం కనిపించింది.

"బెస్తవాని పొట్ట కొట్టలేదా?" అంటారేమో. బుట్టలతో పీతలు పట్టేవారినీ, మునిగి చేత్తో స్కాలప్‌లు ఏరేవారినీ ఆ శాసనం ఆపలేదు. ఆపినది ఈడ్చే ఇనుమును.

డైవర్లందరూ ఋషులని నేననను. ఫొటో కోసం చేపను బొరియలోనుంచి తరిమేవాడూ, ఒళ్ళు అదుపులో లేక కాలిరెక్కతో విసనకర్రను విరిచేవాడూ వారిలో ఉన్నారు. అందుకే సెంట్ ఆబ్స్‌లో 1984లో స్వచ్ఛంద సముద్ర రక్షితప్రాంతం ఏర్పడింది. అక్కడ దిగేవారు పాటించవలసిన నియమం సులువైనది: చూడు, తీయకు.

ఇక మన సాహిత్యం మాట. మన సముద్రకవిత్వం కెరటంతో మొదలై గవ్వతో ముగుస్తుంది. లోతు అనే మాటను తాత్త్వికులుగా వేలసార్లు వాడుకున్నాం. ఆ లోతున ఎవరుంటారని అడిగినవారం తక్కువ. చూడనిదాన్ని శూన్యమనడం వేదాంతం కాదు, సోమరితనం. శూన్యమని తేల్చినచోట ఇనుము ఈడ్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

"తమరు దిగారా?" అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: లేదు. అందుకే దిగినవారి మాటకు విలువిస్తున్నాను. బ్రిటన్‌లోనో, నార్వేలోనో, కాలిఫోర్నియాలోనో ఉంటూ చన్నీట మునిగే తెలుగు బ్లాగ్మిత్రులెవరైనా ఈ టపా చదివితే ఒక్కటే మనవి. ఏ తేదీన, ఎంత లోతున, ఏ జీవిని, ఏమి చేస్తుండగా చూశారో తెలుగులో రాయండి. ఉపమానాలు తర్వాత చూసుకుందాం.