వరస తప్పిన హ్యారీ హోల్

"ఏ పుస్తకంతోనైనా మొదలుపెట్టొచ్చు, దేనికదే విడి కథ." డిటెక్టివ్ సీరీస్ గురించి అడిగితే మనవాళ్ళు తరచూ చెప్పే జవాబిది. అగాథా క్రిస్టీ పోయ్‌రో విషయంలో ఈ మాట చాలావరకు చెల్లుతుంది. 1920లో మొదలై అర్ధశతాబ్దం పైగా నడిచినా ఆ పెద్దమనిషి పెద్దగా మారడు. జో నెస్బో రాసిన హ్యారీ హోల్ నవలల దగ్గర మాత్రం ఇది శుద్ధ తప్పు. ఆ తప్పుకి దారి వేసింది ఇంగ్లీషు ప్రచురణకర్తలేనని నా ఫిర్యాదు.

లెక్క చూడండి. నార్వేజియన్‌లో 'ది బ్యాట్' 1997లో, 'కాక్రోచెస్' 1998లో వచ్చాయి. తర్వాత 'ది రెడ్‌బ్రెస్ట్' (2000), 'నెమెసిస్' (2002), 'ది డెవిల్స్ స్టార్' (2003). ఇంగ్లీషులో ముందు దిగింది ఐదోది, 2005లో. మూడోది 2006లో, నాలుగోది 2008లో వచ్చాయి. మొదటిదానికి 2012 దాకా, రెండోదానికి 2013 దాకా ఆగాల్సొచ్చింది.

దీనివల్ల పోయిందేమిటి? మూడు, నాలుగు, ఐదు నవలల్లో విడివిడి కేసులున్నా, వాటి కింద పారేది ఒకటే కథ. 'రెడ్‌బ్రెస్ట్'లో హ్యారీ సహోద్యోగిని హత్యకి గురవుతుంది. వెనక ఉన్నదెవరో పాఠకుడికి తెలుస్తుంది, హ్యారీకి తెలీదు. ఎప్పుడు తెలుసుకుంటాడా అన్న ఉగ్గబట్టుకోవడమే తర్వాతి పుస్తకాలకి ప్రాణం. ఆ లెక్క తేలేది ఐదోదాంట్లో. దాన్నే ముందు చేతిలో పెట్టడమంటే, ద్రోణుడు ఎలా చనిపోయాడో చెప్పకుండా సౌప్తిక పర్వం చదివించడమే. అశ్వత్థామ చేసిన ఘోరం కనిపిస్తుంది, కడుపులో మంట కనిపించదు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో డిపెండెన్సీ లేకుండా ప్రోగ్రామ్ నడపబోతే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. నవల అలా ఆగదు, నడిచిపోతుంది. అందుకే పోయిందేమిటో చదివేవాడికి తెలియనే తెలియదు. "నాకు బాగానే అర్థమైందే" అనేవాళ్ళకి నా జవాబు ఇదే. కేసు అర్థమైంది, మనిషి అర్థం కాలేదు.

ఊరూపేరూ తెలియని విదేశీ రచయితని పరిచయం చేసేటప్పుడు గట్టి పుస్తకంతో మొదలుపెట్టడం వ్యాపారమే కదా అంటారు. ఒప్పుకుంటాను, 2005లో. కానీ 2010లో 'ది స్నోమాన్' వచ్చాక కూడా మొదటి నవల ఇంకో రెండేళ్ళు ఎందుకు ఆగాలి? నాకు తోచే కారణం ఒకటే: నేరకథని కాలక్షేపం సరుకుగా చూడటం. "సాహిత్యం" అనుకున్న నవలాత్రయాన్ని మూడో భాగంతో అచ్చు మొదలుపెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. మన దగ్గర విమర్శకులదీ ఇదే చూపు. డిటెక్టివ్ నవలని ముడి విప్పితే పారేసే పొడుపుకథ అనుకుంటారు తప్ప, అందులో ఒక మనిషి పదిహేనేళ్ళపాటు దెబ్బలు మోసుకుంటూ ముసలివాడవుతాడని ఒప్పుకోరు.

నేను కోరేది పెద్దదేం కాదు. పుస్తకం వీపు మీద సీరీస్ సంఖ్య వేయండి. రేపు తెలుగులోకి తెచ్చేవాళ్ళుంటే ఒకటో నంబరుతో మొదలుపెట్టండి. సిడ్నీలో జరిగే 'ది బ్యాట్' తర్వాతివాటంత బిగువుగా ఉండదు, నిజమే. కానీ తాగి కారు నడిపి తోటి పోలీసు చావుకి కారణమైన సంగతి హ్యారీ నోరువిప్పి చెప్పేది అక్కడే. అది తెలిశాక అతను గ్లాసు అందుకున్న ప్రతిసారీ మనకి భయం వేస్తుంది. తెలియకపోతే అతను ఇంకో తాగుబోతు డిటెక్టివ్, అంతే.