ఒళ్ళు మనది, గురువు పీట ఎవరిది?

డిగ్రీ పరీక్షలు అయిపోగానే కొల్లేటి లంకల్లోనూ, ఏలూరు పేటల్లోనూ, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒకటే ప్రశ్న: ఇప్పుడేం చెయ్యాలి? బాగా పరిగెత్తేవాడు కానిస్టేబుల్ సెలక్షన్‌కి పోతానంటాడు. అది తప్పితే చేపల చెరువు కాపలా, పట్టుబడి రోజున వల లాగుడు, లేదంటే గూడెం మార్కెట్లో బస్తాల మోత. కాలేజీ తరఫున కబడ్డీ ఆడి కప్పు తెచ్చిన పిల్ల సంబంధం కుదిరేదాకా ఇంట్లో కూర్చుంటుంది. ఆటలో పైకొచ్చిన మన పిల్లలకి ఆట మీదే పెద్ద చదువు ఒకటుందని చెప్పేవాళ్ళు లేరు. ఆ మాట చెప్పడానికే ఈ పక్షం ఈ సంపాదకీయం.

ఆ చదువు పేరు వ్యాయామ విద్య. జనం నోట్లో అది డ్రిల్లు మాస్టారి చదువు. ఈల ఊదడం, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టడం, ఆగస్టు పదిహేనుకి కవాతు చేయించడం, ఇంతేగా అంటారు. ఇంతే కాదు. ఇంటర్ అయినవాళ్ళకి డీపీఈడీ రెండేళ్ళు. డిగ్రీ అయినవాళ్ళకి బీపీఈడీ రెండేళ్ళు. ఈ రెంటికీ పీఈసెట్ ఉంది. అందులో పరుగు, గుండు విసరడం లాంటి పరీక్షలు పెడతారు, వచ్చిన ఆటలో నైపుణ్యం చూస్తారు. బీపీఈడీ పైన ఎంపీఈడీ ఇంకో రెండేళ్ళు. ఆ పైన పీహెచ్‌డీ.

ఎంపీఈడీలో ఏం చెప్తారు? పని చేసేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండ ఎలా నడుస్తాయో చెప్తారు. ఎముకకీ కీలుకీ మధ్య బలం లెక్క చెప్తారు. ఆటగాడి మనసు గురించి చెప్తారు. దెబ్బ తగిలినవాడిని బాగుచేసి మళ్ళీ మైదానంలో నిలబెట్టడం నేర్పుతారు. పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పుతారు. దెబ్బ తగలకుండా చూసుకోవడం, తగిలితే సరిచెయ్యడం అనే ఒక్క విషయానికే అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ అని వేరే చదువుంది. అక్కడ ఆ పనిలోకి రావాలంటే ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ చదవాల్సిందే. అంటే ఇది ఈల చదువు కాదు. ఒంటి శాస్త్రం.

ఒంటి కష్టంతో బతికేది ఎవరు? మనం. నడుం వంచి ఊడ్చే ఆడవాళ్ళు మనవాళ్ళు. పీకల్లోతు నీళ్ళలో వల లాగేది, వీపు మీద ధాన్యం బస్తా ఎత్తేది మనవాళ్ళు. నడుం ఎందుకు పట్టేస్తుందో, మోకాలు ఎందుకు అరుగుతుందో, ఎండలో మనిషి ఎందుకు కూలబడిపోతాడో చెప్పే శాస్త్రం మాత్రం మన చేతిలో లేదు.

ఈ శాస్త్రం కూలోళ్ళ ఒంటి మీదనుంచే చాలా నేర్చుకుంది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీవాళ్ళు 1927లో అలసట గురించి పరిశోధించడానికి ఒక ప్రయోగశాల పెట్టారు. 1947 దాకా అది నడిచింది. ఎడారిలో పెద్ద డ్యాం కడుతున్నచోట 1931 ఎండాకాలంలో కూలీలు వడదెబ్బకి చచ్చిపోతే, తరవాతి ఏడాది ఆ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్ళి కూలీల చెమటని పరీక్షించారు. 1939లో మిసిసిపీ వెళ్ళి, పత్తి చేలల్లో బతికే నల్ల, తెల్ల పాలేర్లని ఉక్కలో పనిచేయించి కొలతలు తీశారు. వ్యాసాల మీద పేర్లు మాత్రం ప్రొఫెసర్లవి. చెమట ఒకళ్ళది, పేరు ఇంకొకళ్ళది. మనకి ఇది కొత్త సంగతా?

మన దేశంలో ఆటల బిరుదుల పేర్లు చూడండి. కేంద్ర ప్రభుత్వం 1961లో ఆటగాళ్ళకి అర్జున అవార్డు పెట్టింది. 1985లో కోచ్‌లకి అవార్డు పెట్టి దానికి ద్రోణాచార్యుడి పేరు పెట్టింది. ఏకలవ్యుడి బొటనవేలు కోయించుకున్న గురువు ఈ దేశంలో గురువులకి ఆదర్శమట! ఆ పేరు పెట్టినప్పుడు ఒక్కరికైనా మనం గుర్తొచ్చామా? ఏకలవ్యుడికి విలువిద్య రాక కాదు. నేర్పే పీట, గెలుపోటములు తేల్చే పీట వేరేవాళ్ళ చేతిలో ఉండబట్టి వేలు పోయింది.

పల్వంకర్ బాలూ కథ కూడా ఇదే చెప్తుంది. ఆయన చమార్ కులంలో పుట్టారు. పూనాలో తెల్లోళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేసే పనిలో చేరి, వాళ్ళకి బంతులేస్తూ బౌలరయ్యారు. హిందువుల జట్టుకి ఆయన బౌలింగ్ కావాలి. టీ తాగే వేళకి మాత్రం ఆయనకి వేరే మట్టి ముంత. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టులో ఆయన 114 వికెట్లు తీశారు. అయినా కెప్టెన్ పదవి ఇవ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ హిందూ జట్టుకి కెప్టెన్ అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు కొట్లాడాల్సి వచ్చింది. బంతి వెయ్యమంటారు, జట్టుని నడపమనరు. చెరువు పట్టమంటారు, చెరువు లెక్క చూడమనరు.

ఆ లెక్క కొల్లేటివాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1976లో ప్రభుత్వం మత్స్యకారులకీ, దళితులకీ సొసైటీల పేరుతో చెరువులిచ్చింది. చాలాచోట్ల కాగితం మీద పేరు పేదోడిది, గట్టు మీద పెత్తనం లీజుకి పట్టిన పెద్దోడిది అయింది. ఆటలోనూ ఇదే నడుస్తోంది. కప్పు మీద మన పిల్లాడి వేలిముద్ర, సెలక్షన్ కమిటీలో వేరేవాడి సంతకం.

ఒకమాట ఇక్కడే తేల్చేసుకుందాం. ఒంటి బలం మీది, బుర్ర మాది అని మనువు పంచిన పంపకాన్ని మేం ఒప్పుకోవడం లేదు. మన పిల్లలు డాక్టర్లు కావాలి, లాయర్లు కావాలి, కలెక్టర్లు కావాలి. ఆటలోకి పోయినవాళ్ళు ఆట కూలీలుగా మిగలకూడదని మాత్రమే మా మాట. పరిగెత్తేవాడు పరుగు శాస్త్రం చదవాలి. ఆడేది నేర్పేవాడు కావాలి. నేర్పేవాడు సిలబస్ రాసేవాడు కావాలి.

ఉద్యోగాలున్నాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. 2025లో 16,347 పోస్టులతో వచ్చిన డీఎస్సీలో పీఈటీ పోస్టులూ, స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టులూ ఉన్నాయి. డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీ ఉండాలి, దాంతోపాటు నెట్టో పీహెచ్‌డీయో ఉండాలి. యూజీసీ 2018 రూల్సు ప్రకారం ఎంపీఈడీలో 55 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకి 5 శాతం సడలింపు ఉంది. పరుగు పరీక్ష కూడా ఉంది: ముప్పై ఏళ్ళలోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్ళు 8 నిమిషాల్లో 1000 మీటర్లు. గట్టు మీద తెల్లారకముందే మన పిల్లలు పరిగెత్తే దూరం ముందు ఇదెంత? వాళ్ళని ఆపేది ఆ పరుగు కాదు, ఎంపీఈడీ కాగితం.

ఆ కాగితానికి డబ్బు అడ్డం. 2020లో ప్రభుత్వం జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపింది. బీపీఈడీ దాకా వచ్చిన కూలోడి బిడ్డకి సరిగ్గా పైమెట్టు దగ్గర తలుపేశారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ, గుంటూరు పక్కన నాగార్జున యూనివర్సిటీలోనూ సీటు దొరికినా, ఊరొదిలి రెండేళ్ళు ఉండడానికి హాస్టలు కావాలి, బూట్లు కావాలి, ఆటగాడి తిండి కావాలి. తాడేపల్లిగూడెంకి 2015లో నిట్ వచ్చింది. పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన యూనివర్సిటీ ఉంది. గూడెంలోనే నన్నయ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. మన ఊరి పక్కన ఇన్ని పెద్ద గేట్లు లేచినప్పుడు మన బిడ్డ ఆ గేటు కాపలాకే పనికొస్తాడా?

రెండో అడ్డం నేల. లంక ఊళ్ళలో ఇళ్ళు దిబ్బల మీద, చుట్టూ చెరువులు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ కాస్త దిబ్బా మునుగుతుంది. 2024 సెప్టెంబరు వరదల్లో కొల్లేటి ఊళ్ళు మళ్ళీ నీళ్ళలో నిలబడ్డాయి. ఇక పిల్లలు ఎక్కడ ఆడాలి? 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకి పార్ట్‌టైం బోధకుణ్ణైనా పెట్టాలంది. మీ ఊరి బడిలో ఉన్నాడా? ఆటస్థలం గడ్డివాముల కిందికి పోయిందా? వెళ్ళి చూడండి.

మైదానం కోసం ఎందుకింత పట్టుదల? మైదానం మనిషిని మనిషి ముట్టుకునే చోటు కాబట్టి. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట మీదే. అది ఎనిమిదిమంది మనవాళ్ళ ప్రాణాలు తీసేదాకా పోయింది. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టుకోకుండా ఆట లేదు. ముట్టుకోనంటే ఓడిపోతావు. ఆ ఆట నేర్పే మాస్టారు మన పేట మనిషైతే, బడిలో ఎవరు ఎవరి పక్కన నిలబడాలో కూడా మారుతుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. తిండి పెట్టి, బూట్లిచ్చి, నేర్పేవాళ్ళని పెడితే మన పిల్లలు ఎంతదూరం పోతారో అక్కడ తేలిపోయింది. ఆడపిల్ల ఆటకి రావాలంటే బడిలో వ్యాయామం టీచరమ్మ ఉండాలి. ఆ టీచరమ్మ కావాల్సింది మన పిల్లే.

కార్యకర్తలకి మా మాట ఇది. ప్రతి పేటలో డిగ్రీ చదివి ఆట తెలిసిన పిల్లల పేర్లు రాయండి. పీఈసెట్, ఎంపీఈడీ ప్రవేశాల తేదీలు అంబేద్కర్ బొమ్మ దగ్గర బోర్డు మీద రాసి పెట్టండి. కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ముందే తీయించండి. బీపీఈడీ అయినవాళ్ళని అక్కడితో ఆగనివ్వకండి. నెట్ రాయించండి, పీహెచ్‌డీకి ఎస్సీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ ఉందని, విదేశం వెళ్ళేవాళ్ళకి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉందని చెప్పండి. ప్రభుత్వాన్ని మూడు అడగండి: పీజీ ఫీజు ఏ కాలేజీలోనైనా పూర్తిగా కట్టాలి, మన ప్రాంతంలో ఎంపీఈడీ ప్రభుత్వ సీట్లు హాస్టలుతో సహా పెంచాలి, బడి ఆటస్థలాలు కొలిచి హద్దురాళ్ళు వెయ్యాలి.

తల్లుల్లారా, తండ్రుల్లారా! బిడ్డ ఆడుకుంటున్నాడని తిట్టకండి. ఆడి ఊరుకుంటే మాత్రం తిట్టండి. ద్రోణుడి ముందు చేతులు కట్టుకుని నిలబడిన కాలం చాలు. ఇక ఆ పీట మీద ఏకలవ్యుడు కూర్చోవాలి. పక్కవాడి పిల్లాడికి కూడా, వేలు అడక్కుండా, విద్య నేర్పాలి.

జై భీం!