కరిగించుటకు ముందొక ముద్ర

సింహాద్రిపురము మొదలుగా పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల పల్లెలవారు పాత నగను అమ్మవలెనన్న ప్రొద్దుటూరికే పోవుదురు. పసిడి వర్తకమునకు పేరుగన్న ఆ పట్టణమున నగను గీటురాయిపై గీసి, రాతి బరువును తీసివేసి, తరుగు పోగా మిగిలినదానికి వెలకట్టుట వాడుక. హారమునకును గాజులకును ఈ లెక్క సరిపోవును గాని, రత్నముపై అక్షరములు చెక్కిన పాతకాలపు ముద్దుటుంగరమునకు బొత్తిగా చెల్లదు. ఏలయన, అందలి బంగారము అల్పము, లెక్కలోనికి రాని ఆ రాయియే సర్వస్వము.

ముద్దుటుంగరము ఒకప్పుడు అలంకారము కాదు, అధికారము. రాక్షసుడను మంత్రి యుంగరము చాణక్యుని చేతికి చిక్కినంతనే, దాని ముద్రపడిన కూటలేఖ యొకటి మలయకేతునకును రాక్షసునకును నడుమ చిచ్చుపెట్టిన వైనమును విశాఖదత్తుని ముద్రారాక్షసము ప్రదర్శించుచున్నది. మన రాయలసీమయందును ముద్రల పాలన చిరకాలము సాగినది. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చి గోలకొండ సేనాని మీర్ జుమ్లాను దర్శించినాడు. అటుపిమ్మట కడపను మయానా నవాబులు ఏలినారు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేయగా, థామస్ మన్రో 1807 వరకు కలెక్టరుగా నుండెను. ఏలికలు ఎందరు మారినను, ఆ కాలపు ఉద్యోగులు అకీకు రాతిపై తమ పేరును, హిజ్రీ సంవత్సరమును పారసీ లిపిలో చెక్కించుకొని, సిరాతో కాగితములపై అద్దుచుండిరి. అట్టి రాతిపై 1215 అను అంకె కన్పట్టినచో అది క్రీ.శ. 1800–1801, అనగా ఈ సీమ చేతులు మారిన సంవత్సరమే యగును. ఇట్టి సాక్ష్యమునకు గ్రాముల లెక్కన వెల ఎవడు కట్టగలడు?

అయితే పాతదని చెప్పిన ప్రతి యుంగరమును నమ్మరాదు. అక్షరములు రాతిపై తలక్రిందులుగాక ఎడమ కుడులు తారుమారై యున్నచో అది ముద్ర; చదువుటకు సూటిగా నున్నచో తాయెత్తు కావచ్చును. భూతద్దమున గుండ్రని గాలిబుడగలు కన్పట్టినచో అది అకీకు గాదు, గాజు. పూర్వపు పనివాడు కురువిందపు పొడి పూసిన చిన్న చక్రముతో రాతిని అరగదీసినాడు గనుక, గాడి కొనలయందు సన్నమై నడుమ లోతై, దోనె యాకృతి దాల్చియుండును. బంగారపు కట్టు బాగుగా అరిగియుండి, అక్షరపుటంచులు మాత్రము నిన్న చెక్కినట్లున్నచో, రెండింటి వయస్సును ఒకటిగా నెంచుటకు ముందు శంకింపవలెను. రాయి గట్టిదో కాదో తేల్చుటకై సూదితో గీయుట మాత్రము పరీక్ష గాదు, విధ్వంసము.

చట్టమును మరువరాదు. నూరేండ్లు దాటిన ఇట్టి కళావస్తువులు 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువులు. వానిని దేశము దాటించుటకు స్వంతదారునకు హక్కు లేదు, వ్యాపారము చేయువానికి లైసెన్సు తప్పదు. దున్నుచుండగా చాలున దొరకిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే శాసించుచున్నది. సేకరించువాడు కొనుటకు ముందు, అది ఎవరి యింటిదో, ఎట్లు వచ్చినదో వ్రాయించుకొనుట విధి. ఊరుపేరు లేని యుంగరము చరిత్రకు సగము మాత్రమే యుపకరించును.

కరవుసీమయందు ఆపదకు అక్కరకు వచ్చునది బంగారమే. దానిని అమ్ముకొనవలదని చెప్పుట ఆకొన్నవానికి ఉపవాసము బోధించుటయే యగును. నా విన్నపము అంతకంటె చిన్నది. మూసలో వేయుటకు ముందు మెత్తని బంకమట్టిపై ఆ రాతిని ఒకమారు అద్దుడు. రాతి క్రింద లక్క యుండవచ్చును గనుక వేడి తగులనీయకుడు. ఆ అచ్చును ఫోటో తీసి, ఇంటివారికి తెలిసిన కథను ప్రక్కన వ్రాసి, పారసీ తెలిసినవారికి చూపుడు. ప్రొద్దుటూరి వర్తకులు తమ అంగడికి వచ్చిన ప్రతి ముద్దుటుంగరమునకు ఈపాటి ఆచారమును పాటించి, రాతిని విడదీసి యజమానికి తిరిగి ఇచ్చినచో, బంగారము అమ్ముడుపోయినను చరిత్ర మిగులును. ఇందుకు పట్టు ఖర్చు పిడికెడు మట్టి మాత్రమే.